పిల్లల ఎంఆర్ఐ రిపోర్టులో ‘కియారి’ అని ఉంటే... మిల్లీమీటర్ల కంటే ముందు ఎముకల సంగతి తెలుసుకుందాం

పోయిన నెల ఒక సాయంత్రం, అసర్ నమాజు అయ్యాక, మా గల్లీలో ఉండే ఒక ఆపా ఎంఆర్ఐ రిపోర్టు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఆమె కొడుక్కి తొమ్మిదేళ్లు. దగ్గినప్పుడు, గట్టిగా నవ్వినప్పుడు తల వెనక భాగం పట్టుకుని కూర్చుంటున్నాడని డాక్టర్ స్కాన్ రాశారు. రిపోర్టులో ఉన్నది ఇదీ: సెరిబెల్లార్ టాన్సిల్స్ 7 మిల్లీమీటర్లు కిందికి దిగాయి, కియారి మాల్‌ఫార్మేషన్ టైప్ 1.

“తమ్ముడూ, టాన్సిల్స్ గొంతులో కదా ఉంటాయి? తలకాయ స్కాన్‌లో ఎందుకొచ్చాయి? గొంతు డాక్టర్ దగ్గరికి పోవాలా?” అని అడిగారు. ఆ లోపే బంధువుల వాట్సాప్ గ్రూపులో “పిల్లాడి మెదడు కిందికి జారిపోయిందంట” అనే మాట తిరిగేసింది. ఆ రోజు వాళ్లింట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు.

నేను చదివింది కామర్స్. ఆ రిపోర్టు నాకూ అర్థం కాలేదు. ఆపాతో కలిసి న్యూరోసర్జన్ దగ్గరికి వెళ్లాను, తర్వాత చదివాను, అడిగి తెలుసుకున్నాను. అదే ఇక్కడ రాస్తున్నా. ఇది డాక్టర్ సలహాకు బదులు కాదు. డాక్టర్ ఎదురుగా కూర్చున్నప్పుడు ఆయన చెప్పేది అర్థం కావడానికి, మనం అడగాల్సినవి అడగడానికి పనికొస్తే చాలు.

ఇవి గొంతు టాన్సిల్స్ కావు

తల వెనక, కింది భాగంలో చిన్న మెదడు ఉంటుంది. నడకలో తూలకుండా చూసేది, చేతి పనిలో పట్టు ఇచ్చేది అదే. దాని అడుగున కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి చిన్న ముద్దల్లాంటి భాగాలు ఉంటాయి. చూడ్డానికి గొంతు టాన్సిల్స్‌లా ఉంటాయని పాతకాలం వైద్యులు వాటికీ ఆ పేరే పెట్టారు. పేరు తప్ప రెండింటికీ ఏ సంబంధం లేదు. గొంతు టాన్సిల్స్ తీయించినంత మాత్రాన ఇది తగ్గదు.

పుర్రె అడుగున ఒక పెద్ద రంధ్రం ఉంటుంది. డాక్టర్లు దాన్ని ఫొరామెన్ మాగ్నమ్ అంటారు. ఆ మాటకి అర్థం కూడా పెద్ద రంధ్రం అనే. మెదడు కాండం అక్కడి నుంచి కిందికి దిగి వెన్నుపాముగా మారుతుంది. చిన్న మెదడు టాన్సిల్స్ మామూలుగా ఈ రంధ్రానికి పైనో, అంచు దగ్గరో ఉంటాయి. అవి రంధ్రం దాటి మెడలోకి దిగితే దాన్ని కియారి టైప్ 1 అంటారు. కొందరు చియారి అని పలుకుతారు. రెండూ ఒకటే.

గది చిన్నదైతే సామాను గడప దాటుతుంది

మెదడు ఎందుకు కిందికి దిగింది? చాలామంది పిల్లల్లో తేడా మెదడులో ఉండదు, దాని చుట్టూ ఉన్న ఎముకలో ఉంటుంది. చిన్న మెదడు కూర్చునే గదిని పోస్టీరియర్ ఫోసా అంటారు. తల వెనక ఎముక, అంటే ఆక్సిపిటల్ ఎముక, ఈ గదికి నేలా, వెనక గోడా. ముందువైపు వాలుగా ఉండే ఎముకని క్లైవస్ అంటారు. కియారి టైప్ 1 ఉన్న చాలామంది పిల్లల్లో ఈ ఎముకలు పొట్టిగా, గది చిన్నగా ఉంటుంది. లోపల పెరిగే చిన్న మెదడు మాత్రం మామూలు సైజే.

రెండు గదుల ఇంట్లోంచి ఒక గది ఇంట్లోకి మారినప్పుడు ఏమవుతుంది? సామాను అంతే ఉంటుంది, చోటు తగ్గుతుంది. చివరికి ఏదో ఒకటి గడప దాటి వరండాలోకి వస్తుంది. ఇక్కడ జరిగేదీ అదే. అందుకే “మెదడు జారిపోయింది” అనే మాట కంటే “చోటు సరిపోలేదు” అనే మాట నిజానికి దగ్గర.

తలలో గడ్డ ఉన్నా, నీరు చేరినా, పుర్రె అతుకులు ముందే మూసుకుపోయినా, వెన్ను దగ్గర నీరు కారుతున్నా టాన్సిల్స్ కిందికి రావచ్చు. అప్పుడు అసలు కారణానికి వైద్యం చేయాలి. రిపోర్టు చూడగానే సర్జన్ తల మొత్తం ఫిల్ములు అడిగేది అందుకే.

పిల్లల ఎముకల లెక్క వేరు

పెద్దవాళ్ల పుర్రెలో ఒకే ఎముకగా కనిపించే ఆక్సిపిటల్, పుట్టిన బిడ్డలో నాలుగు ముక్కలుగా ఉంటుంది. ఆ పెద్ద రంధ్రం చుట్టూ ఈ నాలుగు ముక్కలూ ఉంటాయి, మధ్యలో మెత్తటి కార్టిలేజ్. ఆరేడేళ్లు వచ్చేసరికి అవి కలిసి ఒకటవుతాయి. క్లైవస్ పైభాగంలో ఉండే ఇంకో అతుకు టీనేజీలో గానీ మూసుకోదు. అంటే మన పిల్లల్లో ఆ గది ఇంకా కట్టుబడిలోనే ఉంటుంది.

దీనివల్ల రెండు విషయాలు గుర్తుపెట్టుకోవాలి. చిన్న పిల్లల సీటీ స్కాన్‌లో కనిపించే గీతలన్నీ విరుగుళ్లు కావు, చాలావరకు ఇంకా అతుక్కోని ఎముకల సందులు. పిల్లల స్కాన్‌లు చూసి అలవాటున్న డాక్టర్ కావాలనేది ఇందుకే. రెండోది, టాన్సిల్స్ ఉండే చోటు వయసుతో మారుతుంది. బడి వయసు పిల్లల్లో అవి కాస్త కిందికి ఉండటం మామూలే, పెద్దయ్యాక పైకి జరుగుతాయి. ఏ ఆపరేషనూ లేకుండా మళ్లీ తీసిన ఎంఆర్ఐలో మెరుగైన పిల్లలూ ఉన్నారు.

సలాం చెప్పేటప్పుడు తిరిగే పూసలు

ఇప్పుడు మెడ పైభాగానికి వద్దాం. మెడలో మొదటి పూస పేరు అట్లాస్. ఇది ఒక ఉంగరం లాంటిది. పుర్రె దీని మీద కూర్చుంటుంది. రెండోది యాక్సిస్. దీని ముందుభాగం నుంచి ఒక ఎముక పన్నులా పైకి లేచి అట్లాస్ ఉంగరంలోకి వెళ్తుంది. దాన్ని ఒడాంటాయిడ్ అంటారు.

నమాజు చివర సలాం చెప్పేటప్పుడు తల కుడికి, ఎడమకి తిప్పుతాం కదా, ఆ తిప్పడంలో దాదాపు సగం ఈ రెండు పూసల మధ్యే జరుగుతుంది. “సరే” అని తల ఊపేది ఎక్కువగా పుర్రెకీ అట్లాస్‌కీ మధ్య. ఇంత కదలిక ఉన్న చోటు కాబట్టి ఇక్కడ ఎముకల కంటే లిగమెంట్ల మీదే ఎక్కువ భారం. పిల్లల్లో తల బరువు ఎక్కువ, మెడ కండరాల బలం తక్కువ, లిగమెంట్లు వదులు.

కియారి ఉన్న కొందరు పిల్లల్లో ఈ చోట కూడా తేడాలుంటాయి. అట్లాస్ పుర్రెకే అతుక్కుపోయి ఉండొచ్చు. ఆ పన్ను లాంటి ఎముక వెనక్కి వాలి ఉండొచ్చు. లేదా అది పుర్రె రంధ్రంలోకి పైకి చొచ్చుకుని ఉండొచ్చు, దీన్ని బేసిలార్ ఇన్వాజినేషన్ అంటారు. అప్పుడు మెదడు కాండానికి రెండువైపులా ఇరుకే. వెనక నుంచి టాన్సిల్స్, ముందు నుంచి ఎముక.

దీన్ని తెలుసుకోవడానికి సర్జన్లు కొలతలు తీస్తారు. క్లైవస్‌కీ యాక్సిస్‌కీ మధ్య కోణం చూస్తారు. అది 125 డిగ్రీల కన్నా తగ్గితే ముందువైపు ఒత్తిడి ఉందేమోనని జాగ్రత్తపడతారు. ఒడాంటాయిడ్ ఎంత వెనక్కి వచ్చిందో ఇంకో గీతతో కొలుస్తారు. 1999లో అమెరికా సర్జన్లు ప్రతిపాదించిన ఈ కొలతలో 9 మిల్లీమీటర్లు దాటితే ఒత్తిడి ఎక్కువున్నట్టు లెక్క. ఇంట్లో స్కేలు పెట్టి ఫిల్ము మీద కొలవద్దు. ఇవి కూడా చూశారా అని మాత్రం తప్పకుండా అడగండి.

నీటి దారి మూసుకుంటే

మెదడు, వెన్నుపాము చుట్టూ నీరు లాంటి ద్రవం ఉంటుంది. డాక్టర్లు సీఎస్ఎఫ్ అంటారు. పెద్దవాళ్లలో ఏ సమయంలో చూసినా దాదాపు 150 మిల్లీలీటర్లు ఉంటుంది, రోజుకి సుమారు అర లీటరు కొత్తగా తయారవుతుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఈ నీరు ఆ పెద్ద రంధ్రం గుండా కిందికీ పైకీ కదులుతుంది.

టాన్సిల్స్ ఆ దారిలో బిరడాలా ఇరుక్కుంటే నీరు సాఫీగా కదలదు. దగ్గినా, తుమ్మినా, గట్టిగా ఏడ్చినా, బరువెత్తినా తలలో ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. వెంటనే మెడ పైన, తల వెనక నొప్పి వస్తుంది, కొన్ని సెకన్లో నిమిషాలో ఉండి తగ్గుతుంది. ఆపా కొడుక్కి వచ్చింది ఈ నొప్పే.

ఇలాగే చాలాకాలం సాగితే కొందరిలో వెన్నుపాము లోపలే నీరు చేరి సంచిలా ఉబ్బుతుంది. దీని పేరు సిరింక్స్. ఇది ఉందా లేదా అన్నది చాలా ముఖ్యం. సిరింక్స్ పెరిగితే చేతుల్లో వేడి, చల్లదనం తెలియకుండా పోవచ్చు, చేతి పట్టు తగ్గవచ్చు, వెన్ను పక్కకు వంగవచ్చు. పిల్లాడు వేడి చాయ్ గ్లాసు పట్టుకున్నా చెయ్యి వెనక్కి తీసుకోకపోతే ఓపిక అనుకుని మురిసిపోవద్దు.

5 మిల్లీమీటర్ల అంకె

టాన్సిల్స్ రంధ్రం అంచు నుంచి 5 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా కిందికి దిగితే కియారి టైప్ 1 అని రిపోర్టుల్లో రాస్తారు. ఇది అందరూ ఒప్పుకున్న ఒక గీత మాత్రమే. 7 ఉన్న పిల్లాడు హాయిగా ఆడుకోవచ్చు, 4 ఉన్న పిల్లకి సిరింక్స్ ఉండొచ్చు.

ఈ జబ్బు పేరు హాన్స్ కియారి అనే వైద్యుడిది. ఆయన ప్రాగ్ నగరంలో పనిచేసిన పాథాలజిస్టు. 1891లో ఆయన టైప్ 1కి ఉదాహరణగా రాసింది 17 ఏళ్ల అమ్మాయి గురించి. ఆ అమ్మాయి చనిపోయింది టైఫాయిడ్‌తో. టాన్సిల్స్ కిందికి దిగినందువల్ల ఆమెకు బతికుండగా ఏ ఇబ్బందీ కనిపించలేదు. జబ్బుకి పేరు తెచ్చిన మొదటి కేసే అలాంటిది!

అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీ డాక్టర్లు 2011లో ఒక పరిశీలన ప్రచురించారు. వాళ్ల దగ్గర ఎంఆర్ఐ తీసిన 14,116 మంది పిల్లల్లో 509 మందికి కియారి టైప్ 1 కనిపించింది. ఆ 509 మందిలో నాలుగోవంతుకి కాస్త తక్కువ మందికే సిరింక్స్ ఉంది. వీళ్లంతా ఏదో ఒక కారణంతో స్కాన్‌కి వచ్చిన పిల్లలు కాబట్టి ఊళ్లో పిల్లలందరికీ ఈ లెక్క వర్తించదు. కానీ స్కాన్‌లో కనిపించిన ప్రతిదీ ఆపరేషన్ దాకా వెళ్లదని మాత్రం తెలుస్తుంది.

లక్షణాలు లేకుండా, సిరింక్స్ లేకుండా, వేరే కారణంతో తీసిన స్కాన్‌లో ఇది బయటపడితే ముందుజాగ్రత్త పేరుతో ఆపరేషన్ చేయరు. కొంతకాలం చూస్తారు, చెప్పిన టైముకి మళ్లీ ఎంఆర్ఐ తీస్తారు.

ఏం గమనించాలి

మూడేళ్ల లోపు పిల్లలు తలనొప్పి అని చెప్పలేరు. పాలు తాగేటప్పుడు మాటిమాటికీ పొరబోవడం, మింగడానికి ఇబ్బంది, ముక్కులోంచి పాలు రావడం, శ్వాసలో గురకలాంటి శబ్దం, ఏడుస్తూ మెడ వెనక్కి విరుచుకోవడం చూడాలి. పెద్ద పిల్లల్లో దగ్గుతో వచ్చే తలనొప్పి, నడకలో తూలడం, చేతుల్లో తిమ్మిరి, వెన్ను వంకర ముఖ్యమైనవి. స్కూల్ యూనిఫాంలో ఒక భుజం ఎత్తుగా కనిపిస్తే వెన్ను ఒకసారి చూపించండి.

నిద్రలో శ్వాస ఆగి ఆగి రావడం, మింగలేకపోవడం, కాళ్లు చేతుల బలం తగ్గిపోవడం, పిల్లాడు మగతగా పడి ఉండటం కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

అలాగని ప్రతి తలనొప్పికీ కారణం ఇదే కాదు. నుదుటి మీద వచ్చే నొప్పి, ఫోన్ చూసి చూసి వచ్చే నొప్పి, మైగ్రేన్ ఈ పిల్లలకీ రావచ్చు. అవి ఆపరేషన్‌తో పోవు.

టైప్ 2 వేరు, ఫోలిక్ యాసిడ్ సంగతి

టైప్ 2 పుట్టుకతోనే తెలుస్తుంది. వెన్ను పూర్తిగా మూసుకోకుండా, నడుము దగ్గర సంచితో పుట్టిన పిల్లల్లో ఇది ఉంటుంది. తల్లి కడుపులో ఉన్నప్పుడే తెరిచి ఉన్న వెన్ను నుంచి నీరు బయటికి పోవడంతో పుర్రె వెనక గది సరిగా పెరగలేదని నిపుణులు వివరిస్తారు. వీళ్లలో చాలామందికి తలలో నీరు చేరుతుంది, దానికి షంట్ వేయాల్సి రావచ్చు.

బిడ్డ వెన్ను మూసుకునేది గర్భం నిలిచిన 28 రోజుల లోపే. అప్పటికి చాలామంది ఆడవాళ్లకి గర్భం సంగతే తెలియదు. అందుకే గర్భానికి కనీసం నెల ముందు నుంచే రోజుకి 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలని చెబుతారు. నిఖా కుదిరిన అమ్మాయికి నగలూ బట్టలతో పాటు ఈ మాట కూడా చెప్పండి. ముందు ఒక బిడ్డకి ఇలా అయి ఉంటే డోసు చాలా ఎక్కువ ఉంటుంది, డాక్టర్ రాస్తారు. టైప్ 1కి మాత్రం ఫోలిక్ యాసిడ్‌తో సంబంధం లేదు. తల్లి ఏదో తిన్నందుకో, గ్రహణం రోజు బయటికి వచ్చినందుకో ఇది రాదు. కోడలి మీద నింద వేయొద్దు.

ఆపరేషన్‌లో ఏం చేస్తారు

మెదడుని కోసి పైకి లాగుతారని చాలామంది భయపడతారు. అసలు పని చోటు పెంచడం. మెడ వెనక కోత పెట్టి, తల వెనక ఎముకలో కింది నుంచి ఒక చిన్న ముక్క, అట్లాస్ ఉంగరంలో వెనక భాగం తీసేస్తారు. గడప కాస్త వెడల్పు చేసినట్టు. అవసరమైతే మెదడు మీద ఉండే డ్యూరా అనే పొరని కూడా తెరిచి, అతుకు వేసి వదులు చేస్తారు. పొర తెరిస్తే నీటి దారి బాగా విప్పుకుంటుంది, మళ్లీ ఆపరేషన్ అవసరం తగ్గుతుంది. కానీ నీరు కారడం, ఇన్ఫెక్షన్ లాంటి ఇబ్బందులు రావచ్చు. ఏది చేస్తారో, ఎందుకో సర్జన్‌ని అడగాలి.

అట్లాస్, యాక్సిస్ మధ్య పట్టు తప్పి ఉంటే ఎముక తీయడం ఒక్కటే సరిపోదు, స్క్రూలతో బిగించాల్సి ఉంటుంది. ఈ బిగింపులో మన దేశానికి పేరుంది. ముంబయి కేఈఎం ఆస్పత్రిలో పనిచేసిన అతుల్ గోయెల్, లహేరి అనే సర్జన్లు 1994లో ప్రచురించిన పద్ధతి ప్రపంచమంతా వాడుతున్నారు. కియారికి మూలమే ఈ రెండు పూసల మధ్య పట్టు తప్పడమని గోయెల్ వాదిస్తారు. చాలామంది సర్జన్లు అంత దూరం వెళ్లరు, పట్టు తప్పినట్టు స్కాన్‌లో తేలితేనే బిగిస్తామంటారు. బిగిస్తే మెడ తిప్పడం తగ్గుతుంది కాబట్టి పిల్లల విషయంలో ఇది పెద్ద నిర్ణయం. ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చెబితే కంగారు పడకండి, అడిగి తెలుసుకోండి.

మన ఇళ్లలో వచ్చే ప్రశ్నలు

ఆవాల దిండు వేయకపోవడం వల్ల ఇలా అయిందా? కాదు. ఆ దిండు తల పైకి కనిపించే ఆకారం కోసం. ఇక్కడ తేడా పుర్రె అడుగున ఉంది. నూనె రాసి తల ఒత్తినా మారదు.

మెడ విరిపించొచ్చా? వద్దు. సెలూన్‌లో మసాజ్ తర్వాత మెడ పటుక్కుమనిపించడం ఈ పిల్లలకి ప్రమాదం. హిజామా చేయించాలనుకునే వాళ్లు ముందు న్యూరోసర్జన్‌కి చెప్పండి. దానితో ఎముక గది పెద్దదవదు. మెడ మీద బలం వాడటం, తిప్పడం అసలే వద్దు. దుఆ, దమ్ చేయించుకోండి, దానితో పాటే అపాయింట్‌మెంట్‌కీ వెళ్లండి.

సజ్దాలో నొప్పి వస్తుంటే? వంగినప్పుడు నొప్పి వస్తోందని పిల్లాడు చెబితే బద్ధకం అనుకోవద్దు. నిలబడలేనివాడు కూర్చుని, అదీ కుదరకపోతే పడుకుని నమాజు చేసే వెసులుబాటు మన దీన్‌లో ఉంది. మదర్సాలో ఉస్తాద్‌కి, బడిలో పీఈటీ సార్‌కి ముందే చెప్పిపెట్టండి.

డ్యూరా అతుకు దేనితో చేస్తారు? పిల్లాడి తలపై చర్మం కింద ఉండే సొంత పొరతోనే చేయొచ్చు. బయట దొరికే అతుకుల్లో కొన్ని కృత్రిమమైనవి, కొన్ని పశువుల కణజాలం నుంచి, కొన్ని పంది కణజాలం నుంచి తయారవుతాయి. ఇది ముఖ్యం అనుకుంటే ఆపరేషన్‌కి కొన్ని రోజుల ముందే సర్జన్‌తో మాట్లాడండి, మీ ఆలిమ్ సాబ్‌నీ అడగండి. థియేటర్ గుమ్మం దగ్గర తేల్చుకునే విషయం కాదు.

ఖర్చు? తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్నాయి. మీ పిల్లాడికి రాసిన ఆపరేషన్ ఏ పేరుతో ఉందో కాగితం మీద రాయించుకుని, చేర్పించక ముందే ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గర అది వర్తిస్తుందో లేదో అడగండి. బంగారం తాకట్టు పెట్టడం ఆ తర్వాతి మాట.

డాక్టర్‌ని అడగాల్సినవి

ఈ ఆరు ప్రశ్నలు ఒక కాగితం మీద రాసుకెళ్లండి.

1. పిల్లాడి తలనొప్పి దీనివల్లేనా, వేరే కారణమా?
2. వెన్ను మొత్తం ఎంఆర్ఐ తీశామా? సిరింక్స్ ఉందా?
3. తలలో నీరు, గడ్డ లాంటి వేరే కారణాలు లేవని తేలిందా?
4. పుర్రె, మొదటి రెండు పూసల అతుకు ఎలా ఉంది? ముందు నుంచి ఒత్తిడి ఉందా?
5. ఆటల్లో ఏవి ఆడొచ్చు, ఏవి మానాలి?
6. మళ్లీ ఎప్పుడు రావాలి, ఏ లక్షణం కనిపిస్తే ముందే రావాలి?

ఇంకో మాట. వేరే ఏ జబ్బుకైనా నడుము నుంచి నీరు తీయాలన్నా, వెన్నులో మత్తు ఇవ్వాలన్నా పిల్లాడికి కియారి ఉందని ఆ డాక్టర్‌కి ముందే చెప్పాలి. రిపోర్టు ఒక్కటే కాదు, స్కాన్ సీడీ కూడా జాగ్రత్తగా దాచండి. రెండేళ్ల తర్వాత పోల్చి చూడాలంటే అదే కావాలి.

ఆపా కొడుక్కి వెన్ను ఎంఆర్ఐ కూడా తీశారు. సిరింక్స్ లేదు, పూసల అతుకు బాగానే ఉంది. నొప్పి వచ్చిన రోజులు డైరీలో రాయమని, ఆరు నెలల తర్వాత రమ్మని డాక్టర్ చెప్పారు. నొప్పి పెరిగితే అప్పుడు ఆపరేషన్ గురించి మాట్లాడదాం అన్నారు. ఆమె ఇప్పుడు 7 అనే అంకె గురించి మాట్లాడటం లేదు, డైరీ చూసి మాట్లాడుతున్నారు. వాట్సాప్ గ్రూపులో కూడా ఆమే స్వయంగా వాయిస్ మెసేజ్ పెట్టారు: “మెదడు ఎక్కడికీ జారలేదు. చోటు కొంచెం తక్కువైంది, అంతే. దుఆ చేయండి.”

అల్లాహ్ మన పిల్లలందరికీ ఆఫియత్ ప్రసాదించుగాక. ఆమీన్.